మందు ఆకులోనే ఉంటే ఆకే తాగొచ్చు కదా?

ప్రశ్న: మా అమ్మకి 52 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్ రెండో దశలో ఉందని చెప్పి గుంటూరులో ఆపరేషన్ చేశారు. తర్వాత ఎర్ర మందు కీమో నాలుగు సార్లు ఎక్కించారు. జుట్టంతా ఊడిపోయింది. వాంతులతో మనిషి సగమైపోయింది. వచ్చే వారం నుంచి పాక్లిటాక్సెల్ అనే ఇంకో మందు వారానికి ఒకటి చొప్పున 12 సార్లు అన్నారు. ఈలోగా మా మేనమామ ఒక నాటు వైద్యుడి దగ్గర నుంచి చూర్ణం తెచ్చారు. అందులో బిళ్ళగన్నేరు, లక్ష్మణ ఫలం ఆకు, తిప్పతీగ ఉన్నాయట. "ఆసుపత్రి ఇంజక్షన్లు కూడా ఈ ఆకుల నుంచి తీసినవే, వాటిలో కెమికల్స్ కలిపి అమ్ముకుంటున్నారు, ఆకునే తాగితే సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంటారాయన. ఫోన్లో వీడియోలు కూడా చూపించారు. అమ్మ పది రోజులుగా పొద్దున్నే ఆ కషాయం తాగుతోంది. డాక్టరుకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇక కీమోకి రానంటోంది. మందు ఆకులోనే ఉన్నప్పుడు ఆకు తాగితే తప్పేంటి? పాలలో పసుపు వేసి ఇవ్వడం కూడా మానేయాలా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఈ వారంలో చేయాల్సిన పని చెబుతాను. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. కషాయం ఈ రోజే ఆపించండి. ఆ చూర్ణం ప్యాకెట్‌ని పారేయకుండా సంచీలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పది రోజులుగా ఏం తాగిందో, ఎంత తాగిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పాక్లిటాక్సెల్‌ని శరీరంలోంచి బయటికి పంపేది ప్రధానంగా లివరే. అందుకే మొదటి డోసుకు ముందు లివర్ పరీక్ష, రక్త కణాల పరీక్ష ఎలాగూ చేస్తారు. కషాయం సంగతి తెలిస్తే ఆ రిపోర్టుని ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. ఒట్టు సంగతి నాకు వదిలేయండి. అమ్మకు మంచి జరగాలని వేసిన ఒట్టు అమ్మకు కీడు చేసేలా ఉంటే దాన్ని గట్టున పెట్టడంలో తప్పు లేదు.

ఇక మీ మావయ్యగారి మాటకు వద్దాం. ఫార్మసీ విద్యార్థులకు మొక్కల మందుల గురించి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆయన మాటని కొట్టిపారేయను, ఎందుకంటే అందులో సగం నిజం. క్యాన్సర్ మందుల్లో పేరున్నవి కొన్ని చెట్ల నుంచే వచ్చాయి. మీ అమ్మగారికి వచ్చే వారం ఎక్కించబోయే పాక్లిటాక్సెల్ కూడా చెట్టు మందే. అంటే ఆమె చెట్టు మందుని వద్దని కీమోకి వెళ్ళడం లేదు. కొలత తెలిసిన చెట్టు మందుని వదిలి, కొలత తెలియని చెట్టు మందు వైపు వెళుతోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

బిళ్ళగన్నేరు కథ మీ మావయ్యగారికి కూడా చెప్పండి, ఆయనకు నచ్చుతుంది. మన పెరళ్ళలోనూ గుడి ఆవరణల్లోనూ ఎప్పుడూ పూసే ఆ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ దీవి. చాలా దేశాల్లో, మన పల్లెల్లో కూడా, ఆ ఆకుని షుగర్‌కి వాడే అలవాటుంది. 1952లో జమైకా నుంచి కెనడాలోని ఒక డాక్టరుకు కవరులో పాతిక బిళ్ళగన్నేరు ఆకులు వచ్చాయి, అక్కడివాళ్ళు షుగర్‌కి వీటిని టీ కాచుకుని తాగుతారన్న కబురుతో. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపాడు. ఎలుకలకు ఆ సారాన్ని నోటి ద్వారా పట్టిస్తే షుగర్ ఏమీ తగ్గలేదు. సూదితో రక్తంలోకి ఎక్కిస్తే ఎలుకలు కొద్ది రోజుల్లో ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకా అని చూస్తే వాటి తెల్ల రక్త కణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి.

ఇంకొకరైతే "విషం" అనుకుని ఆకుల్ని అవతల పారేసేవారేమో. నోబుల్, ఆయనతో పనిచేసిన చార్లెస్ బీర్ అలా వదల్లేదు. తెల్ల కణాల్ని ఇంతగా తగ్గించే పదార్థం, తెల్ల కణాలు విపరీతంగా పెరిగే ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో పనికి రావచ్చు కదా అనుకున్నారు. ఆ ఆకులోంచి విడదీసిన విన్‌బ్లాస్టిన్ అనే పదార్థం గురించి 1958లో ప్రకటించారు. అదే మొక్క మీద అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ కూడా పనిచేస్తోంది. అక్కడ విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందు బయటపడింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియాకి ఇచ్చే మందుల్లో ఈ రోజుకీ విన్‌క్రిస్టిన్ ఉండి తీరుతుంది. ఒకప్పుడు దాదాపు ప్రతి బిడ్డనూ పొట్టన పెట్టుకున్న ఆ జబ్బు నుంచి, మంచి వైద్యం అందే చోట ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటపడుతున్నారంటే, అందులో ఈ బిళ్ళగన్నేరు ఆకుకీ వాటా ఉంది.

ఈ కథలోనే మీ ప్రశ్నకు జవాబు కూడా ఉంది చూడండి. నోటి ద్వారా ఇస్తే ఎలుకలకు పెద్దగా ఏమీ కాలేదు, రక్తంలోకి ఎక్కిస్తే చచ్చిపోయాయి. విన్‌క్రిస్టిన్‌ని ఇప్పటికీ నరంలోకి మాత్రమే ఇస్తారు. మాత్ర లేదు, సిరప్ లేదు. పెద్దవాళ్ళకు సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, అంటే చిటికెడు ఉప్పు కంటే ఎన్నో రెట్లు తక్కువ. అదే మందుని పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి బతకడం కష్టం. ఆకులో అది ఎంత ఉంటుందంటే, ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండు ఆకు కావాలి. పైగా ఆ ఆకులో విన్‌క్రిస్టిన్ ఒక్కటే లేదు. దాని తోబుట్టువుల్లాంటి మొక్క రసాయనాలు, ఆల్కలాయిడ్లు అంటారు, వందకు పైగా ఉన్నాయి. ఒకటి రక్తపోటు మీద పనిచేస్తే, ఇంకొకటి మరో దాని మీద పనిచేస్తుంది. గ్లాసుడు కషాయంలో ఏది ఎంత దిగింది, అందులో ఎంత ఒంటికి పట్టింది, ఎవరూ చెప్పలేరు. క్యాన్సర్‌ని చంపేంత ఉండదు. కానీ కీమోతో ఇప్పటికే నీరసించిన మనిషికి హాని చేయదన్న భరోసా కూడా లేదు. మరో సంగతి, విన్‌క్రిస్టిన్ మీ అమ్మగారి చికిత్సలోనే లేదు. అన్ని క్యాన్సర్లకూ ఒకే మందు పనిచేయదు. ల్యుకేమియాకి పనికొచ్చిందని రొమ్ము క్యాన్సర్‌కి ఆ ఆకు తాగించడంలో అర్థం లేదు.

పాక్లిటాక్సెల్ సంగతి ఇంకా విచిత్రం. 1960 నుంచి 1982 దాకా అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రపంచమంతా తిరిగి మొక్కలు సేకరించి, లక్షకు పైగా సారాలను పరీక్షించింది. అంత వెతికినా, మందుగా నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. వాటిలో ఒకటి పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు, 1962లో వాషింగ్టన్ రాష్ట్రంలో సేకరించింది. దానిలోంచి అసలు పదార్థాన్ని విడదీసి రూపం తేల్చినవాళ్ళు మన్రో వాల్, మన్సుఖ్ వాని. వాని మనవాడే, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టాడు. 1971లో వాళ్ళు ఆ వివరాలు అచ్చువేశారు. 1979లో సూసన్ హార్విట్జ్ అది కణాన్ని ఎలా అడ్డుకుంటుందో చూపించింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాల చట్రం ఒకటి కట్టుకుని, పనయ్యాక విప్పేసుకుంటుంది. ఈ మందు ఆ చట్రాన్ని విడిపోనివ్వకుండా బిగించేస్తుంది, కణం చీలలేక చస్తుంది. విన్‌క్రిస్టిన్ సరిగ్గా దీనికి తిరకాసు, అసలు చట్రాన్నే కట్టుకోనివ్వదు. 1992లో అండాశయ క్యాన్సర్‌కి, 1994లో రొమ్ము క్యాన్సర్‌కి పాక్లిటాక్సెల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. బెరడు దొరికిన రోజు నుంచి లెక్కేస్తే 30 ఏళ్ళు.

అన్నేళ్ళు ఎందుకు పట్టిందని మీ మావయ్యగారు అడుగుతారు. ఒక కారణం, ఆ పదార్థం నీళ్ళలో కరగదు. అంటే ఆ బెరడుని ఎంత మరిగించి కషాయం కాచినా మందు నీళ్ళలోకి సరిగా దిగదు. చివరికి మన ఆముదం నుంచి తయారుచేసే ఒక ద్రావకంలో కలిపితే గానీ నరంలోకి ఎక్కించే వీలు కుదరలేదు. ఆ ద్రావకం కొందరికి పడదు, ఎలర్జీ వస్తుంది. అందుకే ఈ మందు ఎక్కించే ముందు మీ అమ్మగారికి స్టెరాయిడ్, ఎలర్జీ తగ్గించే ఇంజక్షన్ ఇస్తారు. కంగారు పడకండి, అది అందరికీ చేసేదే. రెండో కారణం, నూరేళ్ళ చెట్టుని ఒలిచేస్తే వచ్చేది ఒక మనిషికి ఒక డోసు సుమారు. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. ఐరోపాలో పెరిగే దాని బంధువు చెట్టు ఆకుల నుంచి సగం పని అయిపోయిన పదార్థాన్ని తీసి, మిగతా సగం ల్యాబ్‌లో పూర్తిచేసే పద్ధతి కనిపెట్టాక గానీ అడవులు బతికి బట్టకట్టలేదు. ఇప్పుడు ఆ చెట్టు కణాల్ని పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి కూడా తీస్తున్నారు.

ఇంతకీ ఆ యూ చెట్టు ఆకు తింటే ఏమవుతుందో తెలుసా? గొడ్లు చచ్చిపోతాయి. మనుషులూ పోయారు. బెరడులో క్యాన్సర్ మందు ఉన్న చెట్టుకే, ఆకులో గుండెను ఆపే టాక్సీన్ (taxine) అనే విషం ఉంది. "సహజం కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనేవాళ్ళకు నేను చెప్పే మొదటి మొక్క అదే.

ఎర్ర మందు చెట్టుది కాదు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఆసుపత్రి మందు అనగానే అంతా ఫ్యాక్టరీ రసాయనం అనుకోవడం అలవాటైపోయింది గానీ, ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ముఖ్యం కాదు. ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో, తేడా వస్తే ఏం చేయాలో తెలుసుకున్నారా లేదా అన్నదే ముఖ్యం.

లక్ష్మణ ఫలం గురించి వచ్చే వీడియోలు నేనూ చూశాను. "కీమో కంటే పదివేల రెట్లు శక్తి" అని ఊదరగొడతారు. ఆ మాట వెనక ఉన్నది గాజు పలకల్లో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగం. మనుషుల మీద కాదు. పలకలో కణాల్ని చంపడం ఏమంత గొప్ప కాదమ్మా. ఉప్పునీళ్ళు ఎక్కువైనా చస్తాయి, సారా పోసినా చస్తాయి. క్యాన్సర్ కణం చావాలి, పక్కనున్న మంచి కణం బతకాలి, మందు మింగాక గడ్డ దాకా చేరాలి. వేలల్లో ఒకటో రెండో మాత్రమే ఈ మూడూ దాటతాయి. ఈ పండు విషయంలో ఇంకో మాట కూడా ఉంది. కరేబియన్ దీవి గ్వాడెలూప్‌లో పార్కిన్సన్స్‌ని (వణుకుడు జబ్బుని) పోలిన ఒక వింత నరాల జబ్బు ఎక్కువగా కనిపిస్తే, ఆ పండు, దాని ఆకు టీ బాగా వాడేవాళ్ళతో దానికి సంబంధం ఉన్నట్టు 1999లో డాక్టర్లు రాశారు. అందులోని అనోనాసిన్ అనే పదార్థం నరాల కణాలకు చేటు చేస్తుందని తర్వాత ప్రయోగాల్లో తేలింది. ఎప్పుడైనా ఒక పండు తింటే ఏమీ కాదు. కానీ పాక్లిటాక్సెల్ మామూలుగానే చేతులు కాళ్ళలో తిమ్మిర్లు తెస్తుంది. నరాలకు అప్పటికే ఇబ్బంది ఉన్న రోజుల్లో రోజూ ఆ ఆకు కషాయం తాగడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు.

తిప్పతీగ గురించి మన ఇళ్ళలో మంచి అభిప్రాయమే ఉంది, కరోనా రోజుల్లో అయితే ప్రతి ఇంటి గోడ మీదికీ పాకింది. ఆ తర్వాతే మన దేశంలో 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలు 2022లో ప్రచురించారు. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. అసలు తిప్పతీగకూ, అలాగే కనిపించే ఇంకో తీగకూ తేడా తెలియక వాడి ఉంటారని అంది. ఆ వాదనే నిజమనుకుందాం. అయినా మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్‌లో ఏ తీగ ఉందో మీ మావయ్యగారికి గానీ, ఆ వైద్యుడికి గానీ ఎలా తెలుసు? ఒకసారి పొడి కొట్టాక అన్ని ఆకులూ ఒకేలా ఉంటాయి. లివర్ రిపోర్టు పాడైతే పాక్లిటాక్సెల్ డోసు తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు. నష్టపోయేది మీ అమ్మగారే.

ఆకులు మందుల దారికి అడ్డం పడటం కూడా ఊహ కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అని ఐరోపాలో దిగులుకి వాడే ఒక మూలిక ఉంది. ఇరినోటికాన్ అనే కీమో తీసుకుంటున్నవాళ్ళకు దాన్ని ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ మందు పనిచేసే రూపం 42 శాతం తగ్గిపోయింది. కీమో కష్టమంతా పడుతూ, దాని ఫలితం సగానికి దగ్గరగా పోగొట్టుకోవడమన్నమాట. తమాషా ఏంటంటే ఇరినోటికాన్ కూడా ఒక చైనా చెట్టులో దొరికిన పదార్థానికి మార్పులు చేసి తయారుచేసిందే. దాన్ని కూడా మొదట విడదీసింది ఆ వాల్, వాని జంటే.

"కంపెనీలు చెట్టు మందుని దాచేస్తున్నాయి" అని కొందరు అనే మాట గురించి. మందుల కంపెనీల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. బిళ్ళగన్నేరు మీద అంత సొమ్ము చేసుకున్నవాళ్ళు మడగాస్కర్‌కు ఏమిచ్చారని అడిగితే చెప్పుకోదగ్గ జవాబు లేదు. కానీ చెట్టులో మందు దొరికితే కంపెనీ దాచదు, అమ్ముకుంటుంది. అమ్ముకున్నారు కాబట్టే ఈ రోజు పాక్లిటాక్సెల్ ఉంది. దాని పేటెంటు గొడవలు ఎప్పుడో ముగిశాయి, మన దేశంలో చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ఇంకా మీరు ఆ దారిలో వెళ్ళకపోతే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను అడగండి. ఆ చూర్ణానికి మీ మావయ్యగారు ఎంత పోశారో మీరు రాయలేదు. ఆ నాటు వైద్యుడు ఉత్తినే మాత్రం ఇచ్చి ఉండడు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ వీడియోలు, కరపత్రాలు అన్నీ దాని కిందికే వస్తాయి.

కీమో మానేస్తే ఏమవుతుందన్నది మీరు అడగలేదు, కానీ మీ ఉత్తరమంతా ఆ భయంతోనే ఉంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు, ఒళ్ళంతా పాకని క్యాన్సర్ ఉండి, మామూలు చికిత్స వద్దని ఇతర వైద్యాలే నమ్ముకున్న 281 మందిని, చికిత్స తీసుకున్నవాళ్ళతో పోల్చారు. రొమ్ము క్యాన్సర్‌లో చనిపోయే ముప్పు ఐదున్నర రెట్లకు పైనే ఉంది. మీ అమ్మగారిది రెండో దశ. ఆపరేషన్ అయింది, కష్టమైన ఎర్ర మందు గట్టెక్కింది. గడ్డ ఇప్పుడు లేదు. ఈ 12 వారాలు కంటికి కనిపించకుండా ఎక్కడైనా మిగిలిన కణాల కోసం. ఇక్కడ ఆపేయడం చాలా నష్టం.

నాకు తోచినంత వరకు ఆవిడ పారిపోతున్నది కీమో నుంచి కాదు, వాంతుల నుంచి. "ఇక నా వల్ల కాదు" అన్న మనిషికి ఎలుకల కథలు చెబితే వినదు. కాబట్టి ఇవి చెప్పండి: పాక్లిటాక్సెల్‌కి ఎర్ర మందు అంత వాంతులు ఉండవు. చాలామందికి తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. దీనితో వచ్చేవి వేరు, ఒళ్ళు నొప్పులు, తిమ్మిర్లు, నీరసం. తిమ్మిర్లు ఎక్కువై చొక్కా గుండీ పెట్టుకోలేని స్థితి వస్తే దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి, డోసు సర్దుతారు. వికారం ఇంకా ఉంటే మొదట ఇచ్చిన మాత్రతోనే సరిపెట్టుకోనక్కర్లేదు. ఓలాంజపిన్ లాంటివి చిన్న డోసులో రాత్రి పూట ఇస్తే బాగా తగ్గుతుందని పెద్ద పరీక్షల్లో తేలింది. నోరు తెరిచి అడగాలి, అంతే. మన ఆసుపత్రుల్లో అడగనివాళ్ళకు అమ్మయినా పెట్టదన్నట్టే ఉంటుంది, ఏం చేస్తాం.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. తెల్ల కణాలు తగ్గిన రోజుల్లో అది ప్రాణం మీదికి వస్తుంది. పచ్చి ఆకు పసర్లు వద్దనడానికి కూడా అదొక కారణం. సరిగ్గా కడగని ఆకు, రోట్లో నూరిన పసరు, మామూలు మనిషికి ఏమీ కాకపోవచ్చు గానీ ఈవిడకి ఇన్ఫెక్షన్ కావచ్చు.

మీ మావయ్యగారితో గొడవ పడకండి. అక్క కోసం ఊళ్ళు తిరిగి తెచ్చిన మనిషి. వచ్చే వారం ఆయన్నే వెంట తీసుకెళ్ళండి. ఆయన ప్రశ్నల్ని ఆయన నోటితోనే డాక్టరుని అడగనివ్వండి. ఆకుల మీద అంత నమ్మకం ఉంటే, అర్హత ఉన్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు, కానీ కీమో అంతా అయ్యాక, మీ క్యాన్సర్ డాక్టరుకు తెలిసేలా. నేను మొక్కల్లో ఇంకా మందులు లేవని అనడం లేదు. తప్పకుండా ఉన్నాయి, రేపు ఇంకోటి దొరుకుతుంది. అప్పటిదాకా పరీక్ష జరగని ఆకుని మీ అమ్మగారి మీద పరీక్షించొద్దంటున్నాను.

పసుపు పాల గురించి. కూరలో వేసే పసుపు, పాలలో చిటికెడు, చారులో మిరియాలు, అల్లం టీ, ఇవేవీ మానక్కర్లేదు. పసుపులో కర్కుమిన్ అనే అసలు పదార్థం ఉండేది 3 శాతం సుమారు, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. రోజుకి 8 గ్రాముల కర్కుమిన్ మింగించినా రక్తంలో దొరికింది చాలా కొద్ది అని క్లోమ క్యాన్సర్ రోగుల మీద చేసిన ఒక పరీక్షలో తేలింది. అంచేత పసుపు పాలు క్యాన్సర్‌ని తగ్గించవు, చేటూ చేయవు. గోరువెచ్చగా ఏదో కడుపులో పడితే చాలు. మందుల షాపులో కర్కుమిన్ క్యాప్సూల్స్ అని, మిరియాల సారం కలిపి అమ్మేవి మాత్రం వేరు, అవి కొనకండి. మిరియాల సారం ఒంటికి పట్టేలా చేసేది పసుపుని ఒక్కదాన్నే కాదు, వేరే మందుల లెక్కనూ మారుస్తుంది. కీమో అయ్యాక, రొమ్ము క్యాన్సర్ తిరిగి రాకుండా డాక్టరు టామాక్సిఫెన్ మాత్రలు రాస్తే అప్పుడూ కొనొద్దు. ఈ రెండూ కలిపి వాడినప్పుడు టామాక్సిఫెన్ పనిచేసే రూపం రక్తంలో తగ్గినట్టు నెదర్లాండ్స్‌లో 2019లో గమనించారు. పాలు బాగా కాచి, చిటికెడు పసుపు వేసి, పడుకునే ముందు ఇవ్వండి.